గోడ మూల నుంచి వచ్చిన దారి

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ అది కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ ఆవిడ బండలక్క. ముప్ఫై ఏళ్లుగా బండలు పరిచి దారులు వేస్తోంది మరి. మనిషి మొండితనం కూడా బండలాంటిదేనని మొగుడంటాడు. ఆయన మాట పట్టించుకోనక్కర్లేదు. ఆయన మొండితనం ముందు ఈవిడది వెన్నముద్ద.

బండలక్క దారి వేసే తీరే వేరు. అందరూ ముందు దారి వేసి, ఇక నడవండి అంటారు. ఈవిడ ముందు నడవనిస్తుంది, దారి తర్వాత వేస్తుంది. ఖాళీ జాగా అంతా గడ్డి వేయించి, రెండు నెలలు తడుపుతూ కూర్చుంటుంది. జనం ఎవరి పని మీద వాళ్లు అటూ ఇటూ తిరుగుతారు. ఒకళ్లనొకళ్లు అడగరు, చెప్పుకోరు. అయినా చూస్తూ ఉండగానే గడ్డి మీద గీత గీసినట్టు దారులు పడతాయి. గడ్డి ఎక్కడ చచ్చిందో అక్కడ బండ. అంతే లెక్క. సిమెంటు ముట్టదు. కింద ఇసుక, బండకీ బండకీ మధ్య సందు. వాన నీళ్లు ఆ సందుల్లోంచి భూమిలోకి పోవాలి గానీ మనిషి చెప్పుల్లోకి కాదంటుంది. వేరేవాళ్లకి వంద బండలు పట్టే చోట ఈవిడకి అరవై చాలు.

ఈ చదువు ఎక్కడ నేర్చావక్కా అంటే, "చీమల దగ్గర" అంటుంది. ఎగతాళికి కాదు, నిజంగానే. చిన్నప్పుడు వాళ్లమ్మ రాళ్లగనిలో కంకర కొడుతుంటే, ఈ పిల్ల నీడన కూర్చుని చీమల్ని చూస్తుండేది. ఒకరోజు నీళ్లగుంట మీద రెండు పుల్లలు వేసింది, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. అవతల నాలుగు చక్కెర పలుకులు పెట్టింది. మొదట రెండు పుల్లల మీదా చీమలు పోయాయి. పొట్టిదాని మీద పోయినవి ముందు తిరిగొచ్చాయి. వాటి వాసన పట్టుకుని ఇంకొన్ని, వాటి వెనక మరికొన్ని. పొద్దు వాలేసరికి పొడుగుపుల్ల మీద ఒక్క చీమ లేదు.

"వాటికి మేస్త్రి లేడు, జీతం లేదు, కాగితం లేదు. ఒక్క అడుగు వృథా పోదు. మనకేమో ముగ్గురు ఇంజినీర్లుండి దారిని తీసుకెళ్లి మురికికాలవలో కలుపుతాం" అనేది ఎప్పుడూ.

మొగుడిది రాళ్లు చెక్కే పని. ముప్ఫై ఏళ్లు పీల్చిన రాతిపొడి ఆయన ఊపిరితిత్తుల్లో మేట వేసింది. పెద్దాస్పత్రిలో, దగ్గుల వార్డులో చేరి మూడు నెలలైంది. ఆస్పత్రివాళ్లు రెండు పాత భవనాలు పడగొట్టి మధ్య జాగాలో దారులు వేయించాలనుకుంటున్నారని తెలియగానే, ఆ పని బండలక్క పట్టుబట్టి తీసుకుంది. పగలంతా ఆయన కళ్లముందుంటాడు, వేళకి మందు పట్టొచ్చు, వేళకి తిట్టొచ్చు.

పెద్దడాక్టరు ఆవిడని పక్కకి పిలిచి నాన్చకుండా చెప్పాడు. "చూడమ్మా, మందులు మేం ఇస్తాం. ఆయన మాత్రం లేవాలి. రోజూ నాలుగడుగులు నడవాలి, ఎండలో కూర్చోవాలి. ఇలాగే మంచానికి అతుక్కుపోతే, వానాకాలం దాటించడం నా చేతుల్లో లేదు."

వానలకి ఇంకా రెండున్నర నెలలుంది. ఆవిడ వెళ్లి మొగుడి మంచం పక్కన నిలబడింది.

"లేవయ్యా, నడుద్దాం."

"నడిస్తే ఆయాసం."

"నడవకపోతే?"

"నడవకపోతే పడుకుంటా. ఇన్నేళ్లూ ఊరంతటికీ నడవడానికి రాళ్లు చెక్కాను. నా వంతు నడక కూడా వాళ్లనే నడవమను" అని గోడవైపు తిరిగాడు.

అలాంటి మనిషి.

దారుల పని చూడటానికి వచ్చిన ఇంజినీరు కుర్రవాడే గానీ మంచివాడు. ఆయన కాగితం మీద గీతలన్నీ తిన్నగా, దువ్వి పాపిడి తీసినట్టున్నాయి. బండలక్క ఆ కాగితం తిప్పి చూసి, "బాబూ, ఇందులో మనుషులెక్కడున్నారు?" అంది. ఆయన నవ్వాడు. రెండు నెలలు ఆగడానికి ఒప్పుకున్నాడు.

గడ్డి వచ్చింది. జనం నడిచారు. నెల తిరిగేసరికి ఎక్స్‌రే గది నుంచి మందులిచ్చే కిటికీకి, అక్కడి నుంచి గేటుకి, వంటగదికి, ఆకు మీద ఈనెల్లాగా సన్నగా దారులు తేలాయి. కాగితం మీద ఉన్న గీతల్లో ఒక్కటీ నిజం కాలేదు. ఇంజినీరు వచ్చి చూసి, చెవి గోక్కుని, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

బండలక్కకి ఒక అలవాటుంది. ఎక్కడైనా గడ్డి అణగడం మొదలైందంటే, ఆ అడుగుల మీద చిటికెడు సున్నం చల్లుతుంది. తనకి గుర్తు. ఇంకో లాభం, తెల్లగా కనపడితే వెనకొచ్చేవాళ్లూ అదే పట్టుకుంటారు, దారి తొందరగా తేలుతుంది. తొలిచీమ వదిలిన వాసన లాంటిది. చెయ్యి దానంతటది చల్లేస్తుంది, ఆవిడ చూడను కూడా చూడదు.

ఆరో వారం దగ్గుల వార్డు వెనక అలాగే చల్లింది.

ఆ వార్డు వెనక తలుపుకీ ప్రహరీ గోడకీ మధ్య ఎనభై అడుగుల జాగా. గోడ మూలలో గడ్డి ఒక పది అడుగుల మేర అణిగి ఉంది. సున్నం చల్లింది, తట్ట చంకన పెట్టుకుని ముందుకి పోయింది. మర్నాడు పొద్దున్న మొహం కడుక్కుంటుండగా తట్టింది. అటు ఎవరు నడుస్తారు? వార్డు వెనక తలుపుకి లోపల గడియ, అది తీసి ఏళ్లయింది. గోడకి గేటు లేదు. గోడలోంచి మొదలయ్యే దారి ఎక్కడైనా ఉంటుందా?

తిరిగెళ్లి మోకాళ్ల మీద కూర్చుని చూసింది. నిన్న పది అడుగులున్నది ఇవాళ పదహారయింది. సున్నం చల్లినంత మేరా గడ్డి నేలకంటుకుపోయింది. ఒక్క మనిషి నడకలా లేదు. రెండు అడుగులు, వాటి వెనక నాలుగు మూరల దూరంలో మళ్లీ రెండు. మళ్లీ అలాగే. నాలుగూ ఒకే తాళంలో.

తోటమాలిని పిలిచింది. అతను గడ్డి తడిపే మనిషి, కాస్త పిరికి, కాస్త వాగుడు.

"ఇదిగో, ఈ చెక్కకి ఆ కొస నువ్వు పట్టుకో, ఈ కొస నేను పట్టుకుంటా. పద."

"ఎక్కడికక్కా?"

"ఎక్కడికీ కాదు. ఊరికే నడు."

నాలుగు మూరల చెక్క మోసుకుంటూ పక్కన గడ్డిలో ఇద్దరూ నడిచారు. తిరిగి చూస్తే వాళ్ల అడుగులూ ఆ అడుగులూ అచ్చు గుద్దినట్టున్నాయి. ఇద్దరు మనుషులు మధ్యలో బరువు మోసుకెళ్లే నడక అది. ముందువాడు వేసినట్టే వెనకవాడు వేయాలి, లేకపోతే మోస్తున్నది ఊగుతుంది. తోటమాలి చెక్క కింద పడేశాడు.

"అక్కా, వేళ్లు చూడు, వార్డు వైపున్నాయి."

"చూశాలే. నోరు ముయ్."

"తీసుకెళ్లడం కాదు, తీసుకెళ్లడానికి రావడం."

"నోరు ముయ్యమన్నానా!"

అప్పుడే ఇంకోటి చూసింది ఆవిడ. జాగా నిండా చీమలున్నాయి. ఆ అణిగిన పట్టీ మీద మాత్రం ఒక్కటి లేదు. పట్టీ అంచుదాకా వచ్చి, మీసాలు ఆడించి, వెనక్కి తిరిగిపోతున్నాయి.

ఇంజినీరుకి చూపిస్తే ఆయన తేలిగ్గా చెప్పేశాడు. "కింద పాత దారి ఏదో ఉండుంటుందమ్మా. నేల గట్టిపడిపోయి ఉంటుంది. వేళ్లు దిగక గడ్డి వాలిపోతోంది. అంతే."

"మరి రోజుకింత పెరుగుతోందేం బాబూ?"

"ఎండ పెరుగుతోంది కదా" అన్నాడు. అని, తను మాత్రం ఆ పట్టీ తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లాడు.

పాత దారి మాట నిజమే. వార్డులో దుప్పట్లు మడతపెట్టే ముసలి ఆయా చెప్పింది. ఆవిడ ఆ ఆస్పత్రిలోనే ముసలిదైపోయింది. "ఆ మూల ఒకప్పుడు గేటుండేది తల్లీ. నేను కొత్తగా చేరిన ఏడు పెద్ద జబ్బొచ్చింది. జనం పిట్టల్లా రాలిపోయారు. ఇద్దరు అన్నదమ్ములుండేవాళ్లు స్ట్రెచర్ మోసేవాళ్లు. పగలూ రాత్రీ శవాలతో ఈ వెనక తలుపులోంచి ఆ గేటుకి, మళ్లీ ఖాళీ స్ట్రెచర్‌తో ఈ తలుపుకి. కూర్చోవడానికి కూడా తీరిక లేదు. ఆఖర్న వాళ్లిద్దరికీ తగులుకుంది. ఒకే రోజు పోయారు. తర్వాత గేటు మూసి గోడ కట్టేశారు."

"పని అయిపోయిందని వాళ్లకెవరూ చెప్పలేదా?" అంది బండలక్క.

వెనక తలుపుకి ఆనుకుని ఉన్న మొదటి మంచం ఆవిడ మొగుడిది.

తప్పు ఎవరిదో ఆవిడకి తెలుసు. పది అడుగులప్పుడు వదిలేస్తే అది అక్కడే ఆగేదేమో. సున్నం చల్లి, ఇదిగో దారి, రండి అని పిలిచింది తనే. పార పట్టుకుని సున్నమంతా గీకేసింది. మర్నాటికి దారి ఇంకో నాలుగడుగులు ముందుకొచ్చింది. కొత్త పచ్చిక తెచ్చి అతికించింది. పొద్దున్నకి నీటి బిందువుల మధ్య ఆ నాలుగు నాలుగు అడుగులూ పడే ఉన్నాయి. ముళ్లకంప వేసింది. నలుగురు కూలీల చేత ఒక పెద్ద బండ దొర్లించి సరిగ్గా దారికడ్డంగా వేయించింది. మూడో రోజు చూస్తే, దారి బండ చుట్టూ మెత్తగా వంపు తిరిగి, అవతల మళ్లీ తిన్నగా కలిసిపోయింది.

ఆ బండ మీదే కూలబడి చాలాసేపు కూర్చుంది. ఎనభైలో అరవై అయిపోయాయి. ఇంకా ఇరవై అడుగులుంది తలుపుకి. లోపల మొగుడి దగ్గు వినపడుతోంది, ఖాళీ డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు. అది కూడా రోజురోజుకీ సన్నగిల్లుతోంది.

చీమల దారికి రాయి అడ్డం పెడితే ఏమవుతుందో ఆరేళ్లప్పుడే తెలుసు ఆవిడకి. చుట్టూ తిరిగి వస్తాయి. నీళ్లు పోస్తే ఆరేదాకా ఆగుతాయి. దారి చావాలంటే ఒకటే మార్గం. ఇంకో చోట ఇంతకన్నా రుచైనది దొరకాలి. అప్పుడు దీని మీద నడిచేవాళ్లు తగ్గుతారు, వాసన ఆరిపోతుంది, దారి దానంతటది మరుపున పడిపోతుంది. పడగొట్టే దారి లేదు, పాడుబెట్టే దారే ఉంది.

మర్నాడు వంటగది గోడవారన, పొద్దుటెండ బాగా తగిలే చోట ఒక రాతి బల్ల వేయించింది. దాని పక్కన పడగొట్టిన భవనం తాలూకు పాతరాళ్లు కుప్ప పోయించి, ఇద్దరు కూలీలకి ఉలి, సుత్తి ఇచ్చింది. "మీకు చెక్కడం వచ్చా?" అని అడిగింది. "రాదక్కా" అన్నారు. "నాకు కావలసిందదే. కొట్టండి."

టంగు టంగుమని మొదలైంది. వార్డులో మొగుడు మంచం మీద కదిలాడు.

"ఎవడే వాడు? రాయి కొడుతున్నాడా, తలుపు కొడుతున్నాడా?"

"ఎవరో కుర్రాళ్లులే. నీకెందుకు, పడుకో."

"ఉలి నిటారుగా పట్టాడు వెధవ. ఆ చప్పుడు విను! రాయి అంచు లేచిపోతుంది."

"పోతే పోనీ. నువ్వు నడవలేవుగా."

మధ్యాహ్నం వరకూ ఓర్చుకున్నాడు. ఆ తర్వాత మంచం దిగాడు.

ముందు వాకిలి నుంచి బల్ల దగ్గరికి చుట్టూ తిరిగి వెళ్లాలంటే ఆయన వల్ల కాదు. వెనక తలుపు తీస్తే ఇరవై అడుగులే. బండలక్క ఆ తలుపు ముందు నిలబడి గడియ మీద చెయ్యి వేసింది. తుప్పుపట్టి చల్లగా తగిలింది.

వెనక నుంచి ఆయా గొంతు వినపడింది. "ఆ తలుపు తీస్తున్నావా తల్లీ?"

"తీయకపోతే ఆగుతారా వాళ్లు?"

గడియ కీచుమంది. తలుపు తెరుచుకుంది. ఎడమవైపు గోడ మూల నుంచి ఆ దారి తనవైపే చూస్తున్నట్టు పడుకుని ఉంది. కుడివైపు ఎండ, బల్ల, రాళ్లు. మొగుడు ఆవిడ భుజం పట్టుకుని మూడుసార్లు ఆగి, నాలుగుసార్లు తిట్టి, బల్ల చేరాడు. కూలీ చేతిలోంచి ఉలి లాక్కుని, ఇలా పట్టాలిరా అని చూపించాడు. దగ్గు తెర వచ్చింది. తగ్గాక మళ్లీ చూపించాడు.

రెండో రోజు తనే అడిగాడు, తలుపు తీయమని. నాలుగో రోజుకి పక్క మంచం పంతులుగారు, ఆ పక్క టైలరు, "ఈయన తిట్లు వినడానికైనా వెళ్దాం పదండి" అని బయల్దేరారు. పదో రోజుకి వార్డులో సగం మంది బల్ల దగ్గరే. తలుపు నుంచి బల్లకి గడ్డి పలచబడి చక్కటి దారి తేలింది. దాని మీద బండలక్క చిటికెడు సున్నం కూడా చల్లలేదు. చేతిని కొంగులో చుట్టి పెట్టుకుంది.

గోడ దారి మాత్రం చావలేదు. నెమ్మదించింది. రోజుకి అడుగు, అరడుగు. తలుపుకి తొమ్మిది అడుగుల దూరంలో మూడు రోజులు కదల్లేదు. నాలుగో రోజు, తెల్లారి ఆవిడ పనిలోకి వచ్చేసరికి, రాత్రి తడిపిన గడ్డి ఇంకా ఆరలేదు. దారి ఉన్నట్టుండి ముందుకొచ్చేసింది. గడ్డి మీద ఆ నాలుగు నాలుగు అడుగులూ, తడితడిగా, ఇప్పుడే పడ్డట్టు. కొత్త దారి వరకూ వచ్చి అందులో కలిసిపోయాయి. అక్కడ రోగుల అడుగుల మధ్య ఎటు తిరిగాయో ఆనవాలు లేదు. తలుపు బార్లా తెరిచి ఉంది.

తట్ట, పార అక్కడే పడేసి లోపలికి పరిగెత్తింది. మొదటి మంచం ఖాళీ. దుప్పటి నాలుగు మూలలూ కలిపి మడత పెట్టి ఉంది. ఆయా అలా మడతపెట్టేది మంచం ఖాళీ అయినప్పుడే.

బండలక్క గోడ పట్టుకుని, తలుపు పట్టుకుని, బయటపడింది.

మొగుడు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఉలి. తొలి ఎండ మొహం మీద పడుతోంది.

"ఏమే, ఆ పరుగేంటి? దెయ్యం తరిమిందా?"

ఆవిడ వార్డు తలుపు వైపు వేలు చూపించింది. "దుప్పటెవరు మడిచారు?"

"నేనే. రోజూ లేచి తిరిగేవాడికి పక్క మడత పెట్టుకోవడం రాదా ఏంటి? ఆయాని చూసి నేర్చుకున్నా." దగ్గి, పక్కకి ఉమ్మి, మూతి తుడుచుకున్నాడు. "నీ పనివాళ్లు బానే ఉన్నారే. ఇంత పొద్దున్నే వచ్చేశారు."

"ఏ పనివాళ్లు?"

"ఎవరో ఇద్దరు. ఒకే పోలిక, అన్నదమ్ముల్లా ఉన్నారు. స్ట్రెచర్ మోసుకొచ్చారు, ఖాళీదే. ఎవరి కోసం అంటే ఒకడు నన్ను ఎగాదిగా చూశాడు. ఆ మొదటి మంచం ఆయన లోపల లేడేంటి అన్నాడు. లేడయ్యా, ఇదిగో ఇక్కడున్నా, నాకు పనుంది అన్నా. మొహాలు చూస్తే పీక్కుపోయి ఉన్నాయి. ఎంతకాలమైందో కూర్చుని! అది దించి కాస్త ఎండలో కూర్చోండర్రా, పని ఎక్కడికీ పోదు అన్నా. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు, వాళ్లతో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అననట్టు. దించి కూర్చున్నారు."

"తర్వాత?"

"తర్వాతేముంది, నాకు దగ్గొచ్చింది. తేరుకుని చూస్తే లేరు. వెళ్తామని ఒక్క మాటైనా చెప్పొద్దూ? పెంపకాలు అలా ఉన్నాయి."

బండలక్క బల్ల ముందు నేలకేసి చూసింది. గడ్డిలో నాలుగు గుంటలున్నాయి, అరచేతంతవి, మనిషి పొడుగున స్ట్రెచర్ కాళ్లు ఆనినట్టు. వాటిలో ఊరిన నీళ్లు ఎండకి మెరుస్తున్నాయి. అక్కడి నుంచి బయటికి పోయిన అడుగు ఒక్కటి లేదు. మొట్టమొదటిసారి, ఆ గుంటల్లో ఒకదాని అంచున ఒక చీమ కనిపించింది.

ఆవిడ ఇసుక తెచ్చింది. కుప్పలోంచి వెడల్పాటి బండ ఒకటి ఎంచి, కూలీల సాయంతో దొర్లించి, ఆ నాలుగు గుంటల మీద పరిచి, దిమ్మిసతో కొట్టి గట్టిగా కూర్చోబెట్టింది. మొగుడు కూర్చున్న చోటు నుంచే, "ఎడమకి రవ్వంత. ఎడమకే! చెయ్యి నీది కాదా?" అని కేకలేశాడు. ఆ పొద్దున ఆ తిట్లు ఎంత కమ్మగా ఉన్నాయో ఆవిడకే తెలియాలి.

వానలు వచ్చాయి, పోయాయి. ఆయన నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. ఇప్పటికీ దగ్గుతాడు, ఇప్పటికీ తిడతాడు. గోడ మూల దారి నెల తిరక్కుండా పచ్చబడిపోయింది. పెద్దడాక్టరు ఆ ఏడు ఎప్పుడూ లేనంతమంది నడుచుకుంటూ ఇంటికెళ్లారని మురిసిపోయి, ప్రతి వార్డుకీ వెనక తలుపు తీయించి, ఎండలో బల్లలు వేయించమన్నాడు. ఇంజినీరు ఈసారి కాగితం తేలేదు. "గడ్డి వేయించనా అమ్మా?" అని అడిగాడు.

ఆ మొదటి బల్ల ముందున్న బండ మాత్రం ఒక్క ఏడాదికే నాలుగు చోట్ల గుంటపడింది, వందేళ్లు తొక్కినట్టు. బండలక్క వచ్చి బండ మార్చింది. మరుసటేడు మళ్లీ మార్చింది. రోజూ సందుల్లోంచి గడ్డి లేచి బల్ల కాళ్లకి చుట్టుకుంటోందని, తోటమాలి ఆ బల్లని ఇంకో చోటికి జరుపుదామన్నాడు.

"ముట్టుకోకు" అంది బండలక్క. "అలసిపోయినవాళ్లు కూర్చోవడానికి బయట ఒక చోటుండాలి. లేకపోతే లోపలికొస్తారు."